గౌరమ్మ చదివిన ఉత్తరం

ఘుబ్రా, మస్కట్
6 అక్టోబరు 2024

అన్నయ్యకి,

శేషు నమస్కరించి రాస్తున్నది. నీ చెవులు పూర్తిగా పోయాక మన ఫోను మాటలన్నీ వదిన చేతుల మీదుగానే నడుస్తున్నాయి. నేను పది మాటలు చెబితే ఆవిడ నోట్‌బుక్కులో ఒక్కటి రాసి నీకు చూపిస్తుంది. అందులో సగం ఆవిడ సొంత మాటలే. అందుకే మళ్ళీ కాగితం, కలం పట్టాను. ఇరవై ఏడేళ్ళ కిందట ఈ దేశం వచ్చిన కొత్తలో ఇలాగే రాసుకునేవాళ్ళం కదా.

మేం బాగానే ఉన్నాం. మీ బావగారు రోజూ రుసైల్ ఫ్యాక్టరీకి వెళ్ళి వస్తున్నారు. నాకు బడి, పిల్లల లెక్కల పరీక్షలు. అక్టోబరు వచ్చినా ఎండ తగ్గలేదు.

ఇంత పనిగట్టుకుని రాయడానికి కారణం వేరే ఉంది. మా కింది అంతస్తులో మిసెస్ సామి అని ఒకావిడ ఉంటుంది. అసలు పేరు సావిత్రి అప్పలసామి, వయసు అరవై ఒకటి. దక్షిణాఫ్రికాలో డర్బన్ వాళ్ళది. ఇక్కడి కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. ఒకరోజు లిఫ్టులో నేను మావాడు చైతన్యకృష్ణని ఫోనులో కేకలేస్తుంటే, పక్కన నిలబడి విని, "తల్లీ, బువ్వ తిన్నావా?" అంది. అదిరిపోయాను. ఆవిడకి వచ్చిన తెలుగు అంతేనట. వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న మూడు మాటలు.

వాళ్ళ ముత్తమ్మమ్మ 1893లో మద్రాసులో స్టీమరెక్కి డర్బన్‌లో దిగిందట, చెరకు తోటల్లో కూలికి. ఆ ఓడలో వచ్చిన వాళ్ళ జాబితాలో ఒక పేజీకి నకలు తీయించి దగ్గర పెట్టుకుంది. అందులో ఊరి పేరు ఇంగ్లీషులో ఎంత వంకరగా రాశారంటే ఇన్నేళ్ళుగా ఎవరూ పోల్చలేకపోయారు. నేను పైకి కూడబలుక్కుని చదివాను. చదివి ఆగిపోయాను. లక్కవానిపాలెం, అన్నయ్యా. మన ఊరే!

వివరాలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. పేరు గౌరమ్మ. వయసు ఇరవై రెండు. తండ్రి పేరు తవిటి. ఠాణా చోడవరం, జిల్లా విశాఖపట్నం. గుర్తులు: ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ.

ఆ కాలంలో మన ఊళ్ళో తవిటినాయుళ్ళు వీధికి ఇద్దరుండి ఉంటారు. అయినా రెవిన్యూలో అన్నేళ్ళు పనిచేసినవాడివి, పాత అడంగళ్ళు చూడటం నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? మిసెస్ సామి డిసెంబరు సెలవుల్లో విశాఖకి టికెట్ కొనుక్కుంది. "ఎవరి గడపో ఒకటి చూపిస్తే చాలు, కాసేపు కూర్చుని వచ్చేస్తాను" అంటోంది. కాస్త కనుక్కో.

నీ చెల్లెలు
శేషుకుమారి


చోడవరం
2 నవంబరు 2024

చి.సౌ. శేషుకి అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం పద్దెనిమిది రోజులకి చేరింది. పోస్టుమాన్ కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకా ఉత్తరాలు రాసేవోళ్ళున్నారేటండీ!" అన్నాడని మీ వదిన రాసి చూపించింది.

శుభవార్త. రిషితకి సంబంధం కుదిరింది. అబ్బాయి విశాఖ పోర్టులో ఇంజనీరు. తల్లిదండ్రులు నెమ్మదస్తులు, కాస్త పట్టింపులున్న మనుషులు. మే నెలలో ముహూర్తం. నువ్వు వారం ముందే రావాలి. పెళ్ళికి ముందు మన ఇంటిని కాచే పేరంటాలుకి చీర, పసుపుకుంకుమలు పెట్టాలి కదా. అది ఇంటి ఆడపడుచు చేతుల మీదుగా జరగాలి. నువ్వు లేకపోతే మీ వదిన ఊరుకోదు.

నువ్వడిగిన సంగతి చూశాను. పాత రికార్డులన్నీ చెదలు తినేశాయి. ఆ గౌరమ్మ అనే మనిషిని గాని, ఆమె బంధువుల్ని గాని మన ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఠాణాలో లక్కవానిపాలెం పేరుతో ఇంకో శివారు ఉండేదేమో, అది కూడా ఇప్పుడు లేదు. పాపం, అంత దూరం నుంచి వచ్చి ఆవిడ తిరగడం దండగ. నా మాటగా చెప్పు.

బావగారికి నమస్కారాలు. చైతన్యకృష్ణకి ఆశీస్సులు.

మీ అన్నయ్య
వీరభద్రరావు


ఘుబ్రా, మస్కట్
1 డిసెంబరు 2024

అన్నయ్యా,

రిషిత పెళ్ళి మాట విని మీ బావగారు ఆ రోజే సెలవుకి కాగితం పెట్టేశారు. ఆ సంతోషం గురించి పేజీ నిండా రాయాలని కూర్చున్నాను గానీ చెయ్యి సాగడం లేదు.

నీ జవాబు మిసెస్ సామికి చెప్పాను. ఆవిడ టీ చల్లారేదాకా కప్పు పట్టుకుని కూర్చుంది. మర్నాడు టికెట్ రద్దు చేసుకుంది. ఆ సాయంత్రం కిందికి రమ్మని పిలిచి, గోడకున్న చిన్న ఫ్రేము తీసి నా చేతిలో పెట్టింది.

లోపల చేతి వెడల్పు కాగితం, పాత తెలుగు రాత. ఆవిడ చెప్పింది విను. గౌరమ్మ డర్బన్ వెళ్ళిన ఎనిమిదేళ్ళకి, కూలీల మంచిచెడ్డలు చూసే ఆఫీసు ద్వారా ఊరికి ఒక విచారణ పంపించుకుందట, తన వాళ్ళు ఎలా ఉన్నారో తెలుసుకుందామని. దానికి జవాబుగా వచ్చిన కాగితమే అది. "మా తమ్ముడు రాశాడు" అని గౌరమ్మ పిల్లలందరికీ చెప్పేదట. ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిందట. ఏటా దీపావళినాడు కాగితం విప్పి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చదివేదట. ఆవిడకి అక్షరం ముక్క రాదు. అయినా ఏటా కొత్త కబుర్లు చదివేదట. ఒక ఏడు తమ్ముడి పెళ్ళి, ఒక ఏడు ఆవు ఈనడం, ఒక ఏడు శారదా నదికి వరద వచ్చి చేలు మునగడం. ఆవిడ పోయాక ఆ ఇంట్లో అలా చదివేవాళ్ళు కూడా ఎవరూ లేకపోయారు. అందుకని అద్దం కట్టించి పెట్టారు.

"నువ్వు చదువు. అసలు ఏం రాశాడో నాకు వినాలని ఉంది" అంది.

చదివాను. అక్షరం పొల్లు పోకుండా ఇదీ ఆ కాగితం:

"పై ఫారములో కనబరచిన గౌరమ్మ అను మనిషిని గాని, ఆమె బంధువులను గాని ఈ గ్రామములో ఎవరూ ఎరుగరు. గ్రామ మునసబు, కూర్మినాయుడు. 1901."

అన్నయ్యా, మన ముత్తాత పేరు కూర్మినాయుడు. ఆయన మునసబు. నాకు తెలిసి మన ఊళ్ళో ఇంకో మునసబు కుటుంబం లేదు. నువ్వు పోయిన ఉత్తరంలో రాసిన వాక్యం, ఈ వాక్యం పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒక్కటే.

మిసెస్ సామి నా మొహంలోకే చూస్తోంది. అబద్ధం చెప్పాను. "సిరా బాగా వెలిసిపోయింది. క్షేమమేనా అని అడిగాడు, అందరూ నిన్ను తలుచుకుంటున్నాం అని రాశాడు" అన్నాను. ఆవిడ తల ఊపి ఫ్రేము తిరిగి మేకుకి తగిలించింది.

ఎవరన్నయ్యా ఈ గౌరమ్మ? నీకు తెలుసు. తెలిసే రాయలేదు.

శేషు


ఘుబ్రా, మస్కట్
9 ఫిబ్రవరి 2025

అన్నయ్యా,

రెండు నెలలు దాటింది, నీ దగ్గర్నుంచి కార్డు ముక్క లేదు. నిన్న వదిన ఫోనులో ఏడ్చింది. పెళ్ళికి పేరంటాలుకి చీర పెట్టవద్దంటున్నావట. ఎందుకని రాసి అడిగితే నోట్‌బుక్కు మూసేస్తున్నావట. "మీ అన్నయ్యకి మతి చెడిందమ్మా, పిల్ల పెళ్ళి ముందర ఇదేం అరిష్టం" అంటోంది.

నాకు అనుమానం వచ్చింది. ఆ అనుమానం పైకి రాయడానికి భయంగా ఉంది.

మన పేరంటాలు శారదా నదిలో కాలు జారి పడి పోయిందనే కదా నాయనమ్మ చెప్పేది? ముత్తయిదువగా పోయింది కాబట్టి ఇంటిని కాపాడుతుందనే కదా? ఆవిడ పేరేమిటని చిన్నప్పుడు అడిగితే నాయనమ్మ నా నోటి మీద కొట్టింది. ఆడపిల్లలకి ఆ పేరు చెప్పకూడదంది. నీకు మాత్రం చెప్పి ఉంటుంది.

రోజూ లిఫ్టులో మిసెస్ సామి ఎదురవుతోంది. నవ్వుతుంది. నేను ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తున్నాను. నేనూ సముద్రం దాటి వచ్చినదాన్నే. నాకేదైనా జరిగి గడప ముందు నిలబడితే, నన్నూ ఎరగనంటావా?

రాయి.

శేషు


చోడవరం
2 మార్చి 2025

అమ్మలూ,

నువ్వు అనుమానించింది నిజం. మన పేరంటాలు పేరు గౌరమ్మ.

నాన్న పోయిన ఏడు, ఇంటికి పెద్దవాణ్ణి నేను కాబట్టి నాయనమ్మ నన్ను పిలిచి ఆ పేరు చెవిలో చెప్పింది. చీర పెట్టేటప్పుడు మనసులో తలుచుకోవాలి, పైకి అనకూడదంది. ఎందుకు అనకూడదని పట్టుబట్టి అడిగితే మిగతాది కూడా చెప్పింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఇన్నేళ్ళూ మీ వదినకి కూడా చెప్పలేదు.

గౌరమ్మ మన ముత్తాతకి అక్క. మాడుగుల దగ్గర ఇచ్చారు. మొగుడు కొట్టేవాడు. ఒకసారి కాలుతున్న కట్టెతో చేతి మీద పెట్టాడట. రెండుసార్లు పుట్టింటికి పారిపోయి వచ్చింది. రెండుసార్లూ తండ్రి తవిటినాయుడు బండి కట్టించి వెనక్కి పంపించాడు. మూడోసారి పట్టపగలు నడిచి వచ్చింది. అరుగు మీద శిస్తు వసూలు జరుగుతోంది, ఊరంతా అక్కడే ఉంది. "ఈ మనిషెవరో నాకు తెలీదు, పొమ్మనండి" అన్నాడట తండ్రి. పదిహేనేళ్ళ కూర్మినాయుడు పక్కనే నిలబడి నేల చూశాడట. ఆవిడ ఎదురింట్లో మంచినీళ్ళు అడిగి తాగి, వచ్చిన దారినే పోయింది.

తరవాత ఏటి గట్టున చీర చెంగు దొరికిందన్నారు. ఆ ఏడే ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు పోయారు. ఆడబిడ్డ ఉసురు తగిలిందని సోదెమ్మ చెప్పింది. భయపడి పేరంటాలుగా నిలబెట్టారు. నాయనమ్మ చెప్పింది ఇంతే. నేనూ ఆవిడ ఏట్లో పడి పోయిందనే నమ్మాను.

నీ మొదటి ఉత్తరంలో ఆ కాలిన మచ్చ సంగతి చదివేసరికి ఆవిడేనని తెలిసిపోయింది. అయినా రాయలేదు. రిషిత పెళ్ళి కుదిరిన వారమది. ఇంట్లోంచి వెళ్ళిపోయిన ఆడదాన్ని పేరంటాలుగా పూజించారని వియ్యాలవారు అనుకుంటారన్నది ఒకటి. అంతకంటే సిగ్గు. ఒక్క వాక్యం రాసేస్తే పోతుందనుకున్నాను. ముప్ఫై ఏళ్ళ నౌకరీలో "విచారించగా ఎవరూ ఎరుగరు" అని ఎన్ని కాగితాల మీద రాసి సంతకం పెట్టానో లెక్క లేదు. చెయ్యి దానంతట అదే రాసింది.

నువ్వు ఆ మునసబు కాగితంలో మాట రాసి పంపాక నా ధైర్యం పోయింది. ఆవిడ బతికే ఉందని 1901లో మన ముత్తాతకి తెలుసు. క్షేమం కనుక్కుంటోందని తెలుసు. ఎరగనని సంతకం పెట్టాడు. పెట్టి, ఆ ఏడూ ఆవిడ పేర చీర పెట్టి ఉంటాడు. అక్కడ ఆవిడ చెరకు కొడుతుంటే ఇక్కడ ఆవిడకి పసుపు రాశాం. ఇంక నా చేత్తో అది పెట్టలేను. మీ వదినకి నిన్ననే మొత్తం రాసి చూపించాను. నోట్‌బుక్కు నా ముందు పడేసి లోపలికి వెళ్ళిపోయింది.

వరస లెక్క వేశాను. సావిత్రిగారు నీకు వదిన అవుతుంది, నాకు మరదలు. ఇదంతా ఆవిడకి చదివి వినిపించు. దాచకు. పెళ్ళికి రమ్మని నేను పిలుస్తున్నానని చెప్పు. గడప బయట కాదు, పీటల దగ్గర కూర్చోబెడతానని చెప్పు. వియ్యాలవారికి నేనే చెప్పుకుంటాను.

అన్నయ్య


ఘుబ్రా, మస్కట్
6 ఏప్రిల్ 2025

అన్నయ్యా,

చదివి వినిపించాను. రెండు గంటలు పట్టింది. నా ఇంగ్లీషు చాలనిచోట ఆగుతూ, వెనక్కి వెళ్ళి మళ్ళీ చెబుతూ.

ముందు నా అబద్ధం ఒప్పుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఆ కాగితం చదివిన రోజే నీ మొహం చూశాను. అందులో మంచి మాట ఒక్కటి కూడా లేదని అర్థమైంది. నీ అంతట నువ్వు చెప్పాలని ఊరుకున్నాను" అంది. నాలుగు నెలలు తెలిసే నాకు లిఫ్టులో నవ్వుతూ కనబడింది.

అరుగు దగ్గర జరిగింది చెప్పినప్పుడు మాత్రం మధ్యలో ఆపింది.

"ఒక్కతే వచ్చిందని రాశారా?"

"అవును. నాయనమ్మ చెప్పింది అంతే."

లేచి బీరువాలోంచి ఇంకో కాగితం తెచ్చింది. అదే ఓడ జాబితాలో తరవాతి పేజీ. ఇది నాకు ఇదివరకు చూపించలేదు. వాళ్ళ పిల్లలకి కూడా చూపించలేదట. మొదటి వరసలో, గౌరమ్మ తరవాతి నెంబరు: పైడమ్మ, ఆడపిల్ల, రెండేళ్ళు, గౌరమ్మ కూతురు. ఆ వరస మీద అడ్డంగా గీత. పక్కన, సముద్రంలో మరణం అని ఉంది. తేదీ లేదు.

అంటే ఆ రోజు అరుగు ముందు నిలబడ్డప్పుడు చంకలో బిడ్డ ఉంది, అన్నయ్యా. ఎదురింట్లో అడిగిన నీళ్ళు బిడ్డకే అడిగిందో ఏమో. మన ఇంట్లో ఎవరూ ఆ పిల్లని గుర్తుంచుకోలేదు. కథలోంచే తీసేశారు.

సావిత్రి వదిన వాళ్ళ అమ్మమ్మ చెప్పేదట. స్టీమరు డర్బన్‌లో ఆగాక జనమంతా మూటలు నెత్తిన పెట్టుకుని దిగుతుంటే గౌరమ్మ మాత్రం కదల్లేదట. డెక్కు మీద కూర్చుని, "పిల్ల నీళ్ళలోనే ఉంది, నేనెక్కడికి దిగేది?" అందట. ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకుని కిందికి దించారట. గట్టు మీద వరసలో నిలబెట్టి పేరడిగితే చెప్పలేదట. వెనక నిలబడ్డ గంజాం మనిషి ఆవిడ మెడలోని కూలీ బిళ్ళ చూసి నెంబరు చెప్పాడట. తరవాత ఆ మనిషినే పెళ్ళాడింది. ఆరుగురు పిల్లలు. చెరకు తోటలో గడువు అయ్యాక కూరగాయలు అమ్మింది. 1938 జూలై 14న పోయింది, అరవై ఏడేళ్ళకి. ఆ తేదీ వాళ్ళింట్లో అందరికీ నోటికి వచ్చు.

పెళ్ళికి రానంది. కోపంతో కాదు. "మీ అన్న మంచివాడు. కానీ ఆ మంటపంలో నన్ను చూసిన ప్రతివాళ్ళూ నేనెవరినని అడుగుతారు. ఆయన ప్రతివాళ్ళకీ చెప్పాలి. అది మీ అమ్మాయి రోజు. ఆ రోజు ఆ పిల్లదే కానివ్వు" అంది. నేను బతిమాలాను. తల అడ్డంగా ఊపింది. "గడప చూడాలని ఇన్నేళ్ళు అనుకున్నాను. ఇప్పుడు ఆ అరుగు ఎలా ఉంటుందో తెలిశాక, దాని మీద కూర్చోలేను."

నేను వచ్చేసేటప్పుడు "మరదలు" అనే మాట మళ్ళీ చెప్పమంది. మూడుసార్లు చెప్పాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. జూన్‌తో కాలేజీ ఒప్పందం అయిపోతుంది. డర్బన్ వెళ్ళిపోతుంది.

పెళ్ళికి నేను వస్తాను. చీర పెట్టను. వదినతో నేను మాట్లాడతాను, నువ్వు ఊరుకో.

శేషు


చోడవరం
13 జూలై 2025

చి.సౌ. శేషుకి,

పెళ్ళిలో నువ్వున్న ఆ వారమే ఈ ఇంట్లో కాస్త మాటలు వినపడ్డట్టుంది, నాకు వినపడకపోయినా. నువ్వు మస్కట్ తిరిగి వెళ్ళాక మీ వదిన మళ్ళీ ముభావంగా అయిపోయింది. అన్నం పెట్టడం, నోట్‌బుక్కులో "మందు వేసుకోండి" అని రాయడం, అంతే. వియ్యాలవారికి నేనే వెళ్ళి చెప్పాను. వియ్యంకుడు నోట్‌బుక్కు అందుకుని, మా ఇళ్ళల్లోనూ ఇలాంటివి లేకపోలేదు అని రాసి ఇచ్చాడు.

సావిత్రి బయల్దేరిన రోజు విమానాశ్రయంలో మీరిద్దరూ తీయించుకున్న ఫోటో అందింది. ఆవిడ నుదురు అచ్చం మన చిన్నత్తదిలా ఉంది.

గౌరమ్మ పోయిందని నువ్వు రాసిన తేదీ పట్టుకుని పాత పంచాంగం తీయించాను. 1938 జూలై 14 ఆషాఢ బహుళ విదియ. ఈ ఏడు ఆ తిథి నిన్న శనివారం వచ్చింది. నూట ముప్ఫై ఏళ్ళుగా ఆవిడకి లేని చావు తిథికి ఏవేవో పెట్టాం. ఉన్న తిథికి ఒక్కసారీ పెట్టలేదు. పంతులుగారిని తీసుకుని పూడిమడక సముద్రానికి వెళ్ళాను. నది దగ్గర చెయ్యబుద్ధి కాలేదు. తెల్లారి కారెక్కబోతుంటే మీ వదిన తలస్నానం చేసి, చేతిలో సంచీతో వచ్చి వెనక సీట్లో కూర్చుంది. 

పంతులుగారి ప్రశ్నలన్నీ మీ వదినే రాసి చూపించింది.

"ఏ గోత్రం చెప్పమంటారు? పెళ్ళయిన ఆడమనిషి మీ గోత్రంలోకి రాదు కదా."

"మాదే చెప్పండి."

"శాస్త్రం ఒప్పుకోదు బాబూ. భర్త గోత్రం తెలియదా?"

"కట్టెతో కాల్చినవాడిది తెలుసు, చెప్పను. అన్నం పెట్టినవాడిది తెలియదు. ఆవిడ మా ఇంటి పిల్ల. తవిటినాయుడు కూతురు, కూర్మినాయుడు అక్క. అలాగే చెప్పండి."

ఆయన దర్భ సర్దుకుని, అలాగే చెప్పారు. చెప్పారని ఆయన పెదవుల కదలిక చూసి నమ్మాను. గౌరమ్మ పేరు నేను పైకి గట్టిగా అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు తలెత్తి చూశారు.

తరవాత పైడమ్మ సంగతి అడిగాను. రెండేళ్ళ బిడ్డకి పిండం ఉండదు, పాలు వదిలితే చాలన్నారు. పాలు తేవాలని నాకు తట్టలేదు. మీ వదిన సంచీలోంచి చిన్న గ్లాసు తీసింది. మూతికి గుడ్డ కట్టి ఉంది. నా చేతికివ్వలేదు. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని తనే నీళ్ళలోకి నడిచింది. ఆషాఢమాసపు సముద్రం ఎలా ఉంటుందో నీకు తెలుసు. మొదటి అలకి తూలింది. పంతులుగారు కేకేశారనుకుంటాను. ఆగలేదు. నడుం లోతు వెళ్ళి, వంగి, గ్లాసు నీళ్ళ మీదకి ఆనించి మెల్లగా ఒంపింది, పసిబిడ్డకి పట్టించినట్టు.

బయటికి వచ్చి ఇసకలో కూర్చుండిపోయింది. మొహం రెండు చేతుల్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. వాన మొదలైంది. పంతులుగారు తన గొడుగు విప్పి, తను తడుస్తూ, మా ఇద్దరి మీదా పట్టుకుని నిలబడ్డారు.

మీ అన్నయ్య
వీరభద్రరావు